ఏ నరానికి, డాక్టర్‌గారూ?

మన ఆస్పత్రుల్లో నరం అన్న మాటకు ఒక అర్థం కాదు, రెండు. సెలైన్ పెట్టడానికి వచ్చిన నర్సమ్మ ముంజేతి మీద రెండు దెబ్బలు తట్టి, "నరం దొరకట్లేదమ్మా, పిడికిలి బిగించండి" అంటుంది. ఆమె వెతికేది రక్తం పారే సిరను. పక్క గదిలో డాక్టరు "నరం నొక్కుకుపోయింది, అందుకే కాలు లాగుతోంది" అంటాడు. ఆయన చెప్పేది కబుర్లు మోసే తీగ గురించి. దీనికి తోడు బ్లాక్ అన్న ఇంగ్లీషు మాట ఒకటి. గుండెలో బ్లాకు ఉందంటే స్టెంటు వేసి తీయించుకోవాలని ఊరందరికీ తెలుసు. అందుకే పెయిన్ క్లినిక్‌లో డాక్టరు "నెర్వ్ బ్లాక్ చేద్దామమ్మా" అనగానే పక్కన కూర్చున్న భర్త, "బాగున్న నరాన్ని బ్లాక్ చేయడమేంటి సార్?" అని అడిగితే నవ్వాల్సిన పనిలేదు. అది మంచి ప్రశ్న. అసలు ఏ నరాన్ని? అది బాగానే ఉందని ఎవరు చెప్పారు?

ఆవిడ యాభై ఏళ్ల టీచరమ్మ అనుకుందాం. ఆమె బాధ పొత్తికడుపులో. మూత్రసంచి నిండుతున్న కొద్దీ నొప్పి పెరుగుతుంది, వెళ్లొస్తే కాస్త తెరిపి, అరగంటకల్లా మళ్లీ మొదలు. ఎవరికైనా మూత్రసంచిలో నాలుగైదు వందల మిల్లీలీటర్లు పడతాయి. డాక్టరు రాయమన్న నోటుపుస్తకంలో ఆమె లెక్క ఇలా ఉంటుంది: తెల్లవారుజామున 5.10కి 70 మి.లీ., 5.45కి 60, 6.30కి 80, స్కూలుకు బయలుదేరే ముందు ఇంకోసారి 40. అంత కొంచానికేనా ఇంత అవస్థ అనిపిస్తుంది చూసేవాళ్లకు. బస్సెక్కాలంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తుంది. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, మంట ఇంకాస్త ఎక్కువవుతుంది.

ఇంట్లో మొదట చెప్పేది "వేడి చేసింది" అని. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, పలచటి మజ్జిగ. తర్వాత మందుల షాపు. తర్వాత యూరిన్ ఇన్‌ఫెక్షన్ అని అయిదు రోజుల యాంటీబయాటిక్ కోర్సు, అది అయ్యాక మరోటి. యూరిన్ కల్చర్‌లో క్రిములేవీ పెరగకపోయినా మందు మాత్రం మారుతూనే ఉంటుంది. ఇదే బాధతో మగవాడు వస్తే నింద ప్రోస్టేటు మీద పడుతుంది. ఈ జబ్బు ఆడవాళ్లలో ఎక్కువే కానీ మగవాళ్లకు రాదని కాదు.

దీన్ని ఇంటర్‌స్టీషియల్ సిస్టయిటిస్ అనీ, ఇప్పుడు బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అనీ అంటున్నారు. పేర్ల చరిత్ర సరదాగా ఉంటుంది. ఫిలడెల్ఫియా సర్జన్ జోసెఫ్ పారిష్ 1836లోనే, మూత్రాశయంలో రాయి లేకపోయినా రాయి ఉన్నట్టు బాధపడే రోగుల గురించి రాస్తూ దానికి మూత్రాశయపు 'టిక్ డౌలరూ' అని పేరు పెట్టాడు. టిక్ డౌలరూ అంటే అప్పటి వైద్యుల భాషలో ముఖంలో కరెంటు షాకులా కొట్టే నరాల నొప్పి. అంటే సుమారు 190 ఏళ్ల కిందటే ఒకాయన ఈ బాధను సంచి ఖాతాలో కాక నరాల ఖాతాలో రాశాడన్నమాట. తర్వాత 1915లో బాల్టిమోర్ వైద్యుడు గై హన్నర్ కొందరు స్త్రీల మూత్రాశయపు లోపలి గోడ మీద ఎర్రటి పుండ్లు చూపించాడు. అందరి చూపూ గోడ మీదికి మళ్లింది. ఆ హన్నర్ పుండ్లు కొద్దిమందిలోనే కనిపిస్తాయి. కనిపిస్తే సిస్టోస్కోపీ గొట్టం నుంచే వాటిని కాల్చేస్తారు, లేదా అక్కడే స్టెరాయిడ్ ఎక్కిస్తారు. వాళ్లలో చాలామందికి నొప్పి బాగా తగ్గుతుంది. మిగతా వాళ్ల సంచి గోడ చూడటానికి ఇంచుమించు మామూలుగానే ఉంటుంది. చిక్కంతా వాళ్లతోనే.

నరాల దాకా వెళ్లే ముందు మన దేశంలో తప్పకుండా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. రాళ్లు, క్యాన్సరు, ముఖ్యంగా మూత్రాశయపు క్షయ. మూత్రంలో చీముకణాలు ఉండి మామూలు కల్చర్‌లో ఏమీ పెరగకపోతే టీబీని అనుమానించాలి. వదిలేస్తే సంచి ముడుచుకుపోయి అంగుస్తానంత అవుతుంది. అప్పుడూ రోగి అరగంటకోసారి పరుగెడుతూనే ఉంటుంది, కానీ ఆమెకు కావాల్సింది టీబీ మందులు, మత్తు సూది కాదు.

ఇక తీగల సంగతి. మూత్రసంచి నుంచి వెన్నుపాముకు కబుర్లు ఒకే దారిన పోవు. ఒక దారి పైకి వెళ్లి, నడుము వెనక, అంటే ఛాతీ వెన్నుపూసలు ముగిసి నడుము పూసలు మొదలయ్యే మట్టంలో వెన్నుపాములో కలుస్తుంది. దీని పేరు హైపోగ్యాస్ట్రిక్ నరం. రెండో దారి కింద, త్రికాస్థి మట్టంలో, రెండు నుంచి నాలుగో సేక్రల్ నరాల గుండా పోతుంది. సంచి నిండింది, ఇక లేవాలి అన్న రోజువారీ కబురు ఎక్కువగా ఈ దారిదే. మూడోది ప్యూడెండల్ నరం. ఇది సంచి గోడకు వెళ్లదు. మూత్రనాళాన్ని బిగించి పట్టుకునే కండరానికీ, జననాంగాల చర్మానికీ, మలద్వారం చుట్టూ ఉన్న చోటుకూ వెళుతుంది. కానీ వెన్నుపాములో అది దిగే మెట్టు కూడా ఆ రెండు నుంచి నాలుగో సేక్రల్ మెట్టే. ఒకే స్టేషన్లో దిగిన ప్రయాణికులు ఏ బండిలో వచ్చారో గేటు దగ్గర టికెట్ తీసుకునేవాడికి తెలియనట్టు, మెదడుకూ కొన్నిసార్లు తెలియదు. పేగుల నుంచీ గర్భాశయం నుంచీ వచ్చే తీగలు కూడా అక్కడే చేరతాయి. నెలసరి రోజుల్లో మూత్రసంచి మండటం, మలబద్ధకం ఉన్న వారం మంట పెరగడం ఊహలు కావు. వాటి వెనక ఉన్నది ఈ రద్దీనే.

గాయం మానినా నొప్పి ఎందుకు మానదన్నది ఇక్కడి అసలు సమస్య. మూత్రసంచి గోడలో రెండు రకాల నరపు పోగులు ఉంటాయి. కాస్త లావువి సంచి ఎంత నిండిందో చెబుతాయి. సన్నటివి, సీ పోగులు, మామూలు రోజుల్లో చాలావరకు మాట్లాడవు. కొన్ని నిద్రపోతున్నట్టే ఉంటాయి. ఇన్‌ఫెక్షనో వాపో వచ్చి లేపితే అవి అరవడం మొదలెడతాయి. చాలామందిలో వాపు తగ్గగానే మళ్లీ నిద్రపోతాయి. కొందరిలో పోవు. అవి వారాల తరబడి అరుస్తూ ఉంటే వెన్నుపాములోని కణాలు తమ వినికిడి పెంచుకుంటాయి. క్లిఫర్డ్ వూల్ఫ్ అనే శాస్త్రవేత్త 1983లో ఎలుకల మీద చేసిన ప్రయోగంతో దీన్ని చూపించాడు: గాయమైన చోటు నుంచి వచ్చే కబుర్లు వెన్నుపామునే మార్చేస్తాయి, ఆ తర్వాత చిన్న స్పర్శను కూడా అది నొప్పిగా చదువుతుంది. మన టీచరమ్మకు 60 మిల్లీలీటర్లు గ్లాసెడైనా కాని నీళ్లు. ఆమె వెన్నుపాముకు అది వరద.

సంచి గోడ బాగానే కనిపిస్తుండగా నొప్పి ఎక్కడుందో తెలుసుకోవడం ఎలా? స్కాన్‌లో నొప్పి పడదు. అందుకని ఒక్కో తీగను కాసేపు ఆపి చూస్తారు. నెర్వ్ బ్లాక్ ముందు ఒక ప్రశ్న, ఆ తర్వాతే వైద్యం. భర్త అడిగిన దానికి జవాబు అదే: ఆ నరం బాగుందో లేదో తేల్చడానికే దాన్ని ఆపడం.

ఆపే మందు మనకు కొత్తది కాదు. పన్ను పీకించుకున్న ప్రతివారికీ తెలుసు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కంటి ఆపరేషన్లకు కొకైన్ చుక్కలు వాడినప్పటి నుంచి ఈ కథ మొదలు. వ్యసనం అంటని, హాని తక్కువైన మందు కోసం వెతుకులాట సాగి, 1943లో స్వీడన్‌కు చెందిన నీల్స్ లోఫ్‌గ్రెన్ లిడోకైన్ తయారు చేశాడు. దాని దుకాణం పేరు జైలోకైన్. ఎక్కువ సేపు ఆపాలంటే దాని తర్వాత వచ్చిన బ్యుపివకైన్ వాడతారు, కొన్ని గంటలు నిలుస్తుంది.

దాని పనితీరు చూడ ముచ్చటగా ఉంటుంది. నరంలో కబురు నడవాలంటే పొర మీద ఉన్న సన్నటి తలుపులు తెరుచుకుని సోడియం లోపలికి దూసుకురావాలి. లిడోకైన్ ఆ తలుపును బయట నుంచి మూయదు. విద్యుదావేశం లేని రూపంలో పొరలోంచి జారి లోపలికి వెళ్లి, అక్కడ ఆవేశం తగిలించుకుని, తలుపుకు లోపలివైపు నుంచి అడ్డం పడుతుంది. ఇంట్లో దూరి గడియ పెట్టుకున్న చుట్టంలాగా. సన్నటి పోగులు ముందు లొంగుతాయి, అందుకే పన్ను పీకేటప్పుడు లాగుడు తెలుస్తుంది, నొప్పి తెలియదు.

ఇదే గుణం వల్ల సూది లేకుండా కూడా ఒక పని జరుగుతుంది. లిడోకైన్‌ను సన్నటి గొట్టంతో నేరుగా మూత్రసంచిలోకి వదిలితే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. మూత్రం సాధారణంగా కాస్త ఆమ్లంగా ఉంటుంది. ఆమ్లంలో మందు ఆవేశం తగిలించుకుని బయటే నిలబడిపోతుంది, గోడలోకి ఇంకదు. దానిలో సోడియం బైకార్బొనేట్ కలిపి క్షారంగా మారిస్తే ఆవేశం వదిలి గోడలోకి జారుతుంది. వంటింట్లో సోడా ఉప్పు అనే ఆ పదార్థమే, ఆస్పత్రిలో శుభ్రమైన ఇంజెక్షన్ రూపంలో. (ఇంట్లో చేసుకునే పని కాదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.) 2009లో 102 మంది మీద జరిగిన ఒక పరీక్షలో, వరుసగా అయిదు రోజులు ఈ మిశ్రమం తీసుకున్నవాళ్లలో నూటికి 30 మంది, మూడు రోజుల తర్వాత తమకు మధ్యస్థంగానో బాగానో తగ్గిందని చెప్పారు. మందు లేని ఉత్త ద్రావణం తీసుకున్నవాళ్లలో అలా చెప్పింది నూటికి పదిమంది. మూడింతల తేడా. అయినా నూటికి 70 మందికి చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఈ జబ్బులో ఏ వైద్యం గురించైనా ఈ రెండు వాక్యాలూ కలిపే చెప్పుకోవాలి.

సంచిలోంచి కాక తీగ మీదే ఆపాలంటే సూది ఎక్కడ దిగాలన్నది అనుమానాన్ని బట్టి ఉంటుంది.

కూర్చుంటే పెరిగి, నిలబడితే తగ్గే నొప్పి అయితే ముందు చూపు ప్యూడెండల్ మీద పడుతుంది. ఈ నొప్పికి ఒక విచిత్ర గుర్తు ఉంది. కుర్చీలో కూర్చోలేనివాళ్లు కూడా కమోడ్ మీద హాయిగా కూర్చోగలరు, ఎందుకంటే అక్కడ మధ్యలో నొక్కేది ఏమీ లేదు. ఇంకో గుర్తు, ఇది సాధారణంగా రాత్రి నిద్రలోంచి లేపదు. మూత్రసంచి నొప్పి మాత్రం రాత్రికి నాలుగైదు సార్లు లేపుతుంది. 2008లో ఫ్రాన్సులోని నాంట్ నగరం పేరుతో ప్రకటించిన అయిదు లక్షణాల్లో ఇవీ ఉన్నాయి. అయిదోది ఏమిటంటే, మత్తు సూదితో నొప్పి పోవాలి. బ్లాక్ అంటే ప్రశ్న అన్నది ఇందుకే. రోగనిర్ధారణలోనే దానికి చోటిచ్చారు.

ఈ నరం పేరు గురించి ఒక మాట. ప్యూడెండల్ అన్నది సిగ్గుపడు అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చింది. సిగ్గు నరం అనుకోవచ్చు. స్త్రీ బాహ్య జననాంగానికి వాడే ప్యూడెండమ్ అనే పదాన్ని శరీర నిర్మాణ శాస్త్రపు అధికారిక పదకోశం 2019లో తీసేసింది. నరానికి మాత్రం ఆ పేరు అలాగే ఉండిపోయింది. మన దగ్గర "కింద మంటగా ఉంది" అన్న మూడు ముక్కలు డాక్టరు ముందు చెప్పడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలిసినవాళ్లకు ఈ పేరు అంత పరాయిదిగా అనిపించదు.

సూదికి దారి పిరుదు గుండా. రోగిని బోర్లా పడుకోబెడతారు. అల్ట్రాసౌండ్ తెరమీదనో సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం కిందనో కటి ఎముకకు లోపలివైపున ముల్లులా పొడుచుకొచ్చిన ఒక మొనను వెతుకుతారు. నరం దాని పక్కనుంచే ఒంపు తిరిగి, 1836లో ఐర్లండ్ వైద్యుడు బెంజమిన్ ఆల్కాక్ వర్ణించిన సన్నటి సొరంగంలోకి దూరుతుంది. ఆ ఒంపు దగ్గర మందు వదలాలి. కాన్పుల గదిలో డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా వేలితో తడిమి ఆ మొనను గుర్తుపట్టి ఇదే బ్లాక్ ఇస్తున్నారు.

నొప్పి లోతుగా, పొత్తికడుపులో, సంచి నిండితే పెరిగేదైతే లక్ష్యం వేరు: సుపీరియర్ హైపోగ్యాస్ట్రిక్ ప్లెక్సస్. చివరి నడుము పూసా త్రికాస్థీ కలిసే చోట, వెన్నెముకకు ముందువైపున, మహాధమని రెండుగా చీలిన కొంచెం కింద పరుచుకున్న నరాల అల్లిక అది. మెక్సికో వైద్యుడు రికార్డో ప్లాంకార్టే, ఆయన సహచరులు 1990లో కటి భాగపు క్యాన్సర్ నొప్పికి ఈ బ్లాక్ పద్ధతిని ప్రచురించారు. మూత్రాశయపు నొప్పికి తర్వాత అరువు తెచ్చుకున్నారు. ముందు చర్మానికి మత్తు. ఆ తర్వాత ఆరేడు అంగుళాల సన్నటి సూది వెన్నుపూస పక్కనుంచి ఏటవాలుగా, ఎక్స్‌రేలో చూస్తూ, ఎముకను రాసుకుంటూ ముందుకు పోతుంది. పెద్ద రక్తనాళాలు అక్కడే ఉంటాయి కాబట్టి మందుకు ముందు ఎక్స్‌రేలో కనిపించే డై కొంచెం వదులుతారు. తెరమీద ఆ డై పూస ముందు అంచు వెంబడి నల్లగా ఒక పట్టీలా పాకితే చోటు సరిగ్గా కుదిరినట్టు. వచ్చిన వెంటనే కొట్టుకుపోయి మాయమైతే సూది రక్తనాళంలో ఉన్నట్టు. నర్సమ్మ నరంలోకి దిగిందన్నమాట, డాక్టరు నరం దగ్గర కాకుండా.

సూది అయిన అరగంట తర్వాత మన టీచరమ్మకు నీళ్లు తాగించి, సంచి నిండేదాకా కూర్చోబెట్టి అడగాలి. ఖాళీ సంచితో "ఎలా ఉందమ్మా" అంటే వచ్చే జవాబుకు విలువ లేదు. నిండినా నొప్పి రాకపోతే ఆ పై దారిలోనే కబుర్లు పోతున్నాయని తెలిసింది. ఏమీ మారకపోతే అదీ ఒక జవాబే. కింది సేక్రల్ దారో, కటి కండరాల పట్టేయడమో, లేక వెన్నుపాములోనే ఇంకిపోయిన నొప్పో అయివుండాలి. సూది వేస్టు అయిందని బాధపడతారు కానీ అలా అనుకోనక్కర్లేదు. ఒక తప్పు దారిలో ఆపరేషన్ దాకా పోకుండా ఆగినట్టు.

తమాషా ఏమిటంటే, మందు కొన్ని గంటల్లో పోతుంది, ఉపశమనం మాత్రం కొందరిలో రోజులు, వారాలు ఉంటుంది. ఎందుకు? కబుర్ల వరద కాసేపు ఆగితే పెంచుకున్న వినికిడిని వెన్నుపాము కొంత తగ్గించుకుంటుందని ఒక వివరణ. బిగుసుకున్న కటి కండరాలు ఆ వ్యవధిలో వదులవుతాయని ఇంకొకటి. బ్లాక్‌లో తరచూ కలిపే స్టెరాయిడ్ వాపును తగ్గిస్తుందని మరొకటి. ఎవరో మన మాట నమ్మి, తెరమీద చూస్తూ, సరిగ్గా నొప్పి దగ్గరికి సూది తెచ్చారన్న ఊరట కూడా ఇందులో ఎంతో కొంత ఉంది. మూత్రాశయపు నొప్పికి ఈ బ్లాకుల మీద ఉన్న అధ్యయనాలు చిన్నవి. చాలావాటిలో పోల్చడానికి మందు లేని ఉత్త సూది తీసుకున్న గుంపే లేదు. ఒకరిద్దరు రోగుల కథ విని "శాశ్వత పరిష్కారం" అని బోర్డు కట్టే చోట ఆ మాట గుర్తుంచుకోవాలి. క్యాన్సర్ చివరి దశలో చేసినట్టు ఆల్కహాల్‌తో నరాన్ని చంపేయడం ఈ రోగుల విషయంలో నా దృష్టిలో తొందరపాటు. ముందు ఇంకా ఎన్నో ఏళ్ల బతుకున్నవాళ్లకు, మూత్రం మలం మీద అదుపు నడిపే ప్రాంతంలో, వెనక్కి తీసుకోలేని పని అది.

ఆపడం కాకుండా నరానికి వేరే పని చెప్పడం ఇంకో మార్గం. చీలమండ దగ్గర టిబియల్ నరానికి సన్నటి సూదితో వారానికి ఒకసారి అరగంట, 12 వారాలు చిన్న కరెంటు ఇస్తారు. పాదం దగ్గరి తీగకూ మూత్రసంచికీ సంబంధమేంటంటే, మళ్లీ అదే స్టేషను: రెండూ సేక్రల్ మెట్టు దగ్గరే దిగుతాయి. ఇంకా గట్టిదైతే త్రికాస్థి రంధ్రం గుండా కరెంటు తీగ పెట్టి, పిరుదు చర్మం కింద బ్యాటరీ అమర్చడం. ఇది ఖరీదైన పని.

సూదీ బ్యాటరీ లేని వైద్యానికే అన్నింటికన్నా గట్టి ఆధారం ఉండటం మన పేరున్న ఆస్పత్రుల్లో పెద్దగా వినిపించని సంగతి. 2012లో 81 మంది స్త్రీల మీద జరిగిన ఒక పరీక్షలో, కటి కండరాల ముడులను చేతితో నొక్కి వదులుచేసే ఫిజియోథెరపీ తీసుకున్నవాళ్లలో నూటికి 59 మంది మెరుగయ్యారు. మామూలు ఒళ్లంతా మసాజ్ తీసుకున్నవాళ్లలో 26 మంది. అమెరికన్ యూరాలజికల్ అసోసియేషన్ దీన్ని గట్టిగా సిఫారసు చేస్తూ, కటి కండరాలను బిగించే కీగల్ వ్యాయామాలు మాత్రం వద్దంటుంది. బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగించడమేంటని. మన దగ్గర ఆడవాళ్లకు మూత్రపు బాధ ఏదైనా అందరూ ముందు చెప్పేది ఆ కీగలే. బ్లాక్ ఇచ్చిన గంటల్లో, నొప్పి నోరు మూసుకున్నప్పుడు, ఈ ఫిజియోథెరపీ మొదలుపెట్టే వైద్యులున్నారు. బ్లాకుకు అంతకంటే మంచి వాడకం నాకు కనిపించలేదు.

ప్రమాదాలు అరుదే కానీ లేకపోలేదు. రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడేవాళ్లు ముందే చెప్పాలి. సూది చోట చీము పట్టవచ్చు. మందు రక్తంలోకి పోతే నాలుక తిమ్మిరి, చెవుల్లో హోరు, ఆపైన ఫిట్స్, గుండె లయ తప్పడం. అందుకు విరుగుడుగా పాలలా తెల్లగా ఉండే కొవ్వు ద్రావణాన్ని సిరలోకి ఎక్కిస్తారు. ఆ సీసా గదిలో ఉందా అని అడగడం తప్పేమీ కాదు. కొన్ని గంటలు కాలు బరువుగా ఉండవచ్చు, ఆ రోజు బండి నడపకూడదు.

త్రికాస్థి దగ్గర మందు ఇచ్చినప్పుడు ఇంకో చిక్కు, మూత్రసంచి నిండినా తెలియకపోవడం, తెలిసినా రాకపోవడం. అందుకే రోజుకు నలభైసార్లు వెళ్లి విసిగిపోయిన మనిషిని, సాయంత్రం ఒకసారి వెళ్లి వచ్చేదాకా డిశ్చార్జి చేయరు.